పాట వాటా

పాట కూడు పెడుతుందా అని అడిగేవాళ్ళు ఊరికొకరుంటారు. ఎర్రదిబ్బపాలెంలో మాత్రం ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాదు. అంటే రోజారమణి ఊరుకోదు, వాళ్ళమ్మ కామాక్షమ్మ అసలే ఊరుకోదు. ఎందుకంటే వాళ్ళింట్లో పాట నిజంగానే కూడు పెట్టింది, అదీ పులుసుతో సహా.

సంగతేమిటంటే, కోట మండలం దాటి సముద్రం ఒడ్డున ఉన్న ఆ పాలెంలో ఇప్పటికీ పెద్దవల లాగుతారు. నావ మీద వలను లోపలికి తీసుకుపోయి, గుండ్రంగా తిప్పి దించి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకు తెస్తారు. ఇటొక వరస, అటొక వరస నిలబడి లాగుతారు. వల నడుమ సంచి ఉంటుంది, చేపంతా అందులోనే. ఆ సంచి మోకాటి లోతు నీళ్ళలోకి వచ్చేసరికి దాని బరువు దేవుడికెరుక. అప్పుడు ఒకడు పాట ఎత్తుకోవాలి. మిగతావాళ్ళు "ఏలేలో" అని అందుకోవాలి. అందుకున్నప్పుడల్లా అన్ని చేతులూ ఒక్క ఊపున వెనక్కి రావాలి. పాట తప్పితే ఊపు తప్పుతుంది, ఊపు తప్పితే సముద్రం లాక్కుంటుంది. ఆ పాట ఎత్తుకునేవాడు చిన్నపోలయ్య, రోజారమణి నాయన.

వల ఒడ్డున పడ్డాక పంపకం. తాడు మీద చెయ్యి వేసిన ప్రతి మనిషికీ వాటా ఉంటుంది. ముసలాడు వేసినా, దారిన పోయేవాడు వేసినా వాటా వాటానే. వలకొకటి, నావకొకటి. వీటన్నిటికంటే ముందు, కుప్పలోంచి ఒక మంచి చేపను ఏరి పక్కన పెడతారు. అది పాట వాటా. పాట ఎత్తుకున్నవాడు దాన్ని ఇంటికి తీసుకుపోతాడు. రోజారమణికి పళ్ళు వచ్చిన కాణ్ణించీ ఆ చేపను చిన్నపోలయ్య తన కంచంలో పెట్టుకుని, ముల్లు ఏరి ఏరి బిడ్డ నోట్లో పెట్టేవాడు. "నేను పాట తిని పెరిగినా," అంటుంది ఆ పిల్ల, ఎవరైనా ఇంటర్వ్యూ కోసం ఫోను చేస్తే. వాళ్ళు అదేదో కవిత్వం అనుకుని రాసుకుంటారు. కవిత్వం కాదు స్వామీ, పులుసు.

ఇంటర్వ్యూ దాకా ఎందుకొచ్చిందంటే, రోజారమణి ఒక రాక్ బ్యాండులో పాడుతుంది. పాటలు కూడా తనే కడుతుంది. బ్యాండు పేరు ఐసుఫ్యాక్టరీ. వాళ్ళు ఉండేదీ ఐసుఫ్యాక్టరీలోనే. కోట నుంచి సముద్రానికి పోయే దారిలో, రొయ్యల గుంటల నడుమ, మూతబడిన ఐసు ఫ్యాక్టరీ ఒకటుంది. లోపలి గదులకు చల్లదనం పోకుండా గోడల నిండా మందంగా థర్మోకోలు దట్టించి ఉంటుంది. బయట గుంటల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఎంత మోత మోగినా లోపలికి వినపడదు. మద్రాసులో డబ్బు పోసి కట్టుకునే స్టూడియో కంటే ఇదే మేలని కనిపెట్టింది వినీల. ఆమెది నాయుడుపేట, గిటారు వాయిస్తుంది, రికార్డింగు పని నేర్చుకుంది. డ్రమ్ములు పెంచలప్రసాద్‌వి. కోటలో వరి సేద్యం చేసే ఇంటి పిల్లవాడు. నాట్లప్పుడూ కోతలప్పుడూ బ్యాండుకు సెలవు, అది ప్రపంచంలో ఇంకే బ్యాండుకూ ఉండదు.

ఫ్యాక్టరీ యజమాని వెంకయ్య గారు మొదటిరోజు వీళ్ళ వాయింపు తలుపు దగ్గర నిలబడి విన్నాడు. చెవిలో వేలు పెట్టి తిప్పుకుని, "వాయించుకోండి నాయనా, ఎలకలన్నా పోతాయి," అని తాళంచెవి చేతిలో పెట్టాడు. ఎలకలు నిజంగానే పోయాయి. చేపల వాసన మాత్రం పోలేదు.

అట్లా ఏళ్ళు గడిచి, చివరికి ఒక ఆల్బం తయారైంది. అంటే అన్ని పాటలూ అయ్యాయి, ఆఖరిది తప్ప. ఆ ఆఖరి పాటలో నాయన గొంతు ఉండాలని రోజారమణి పట్టు. ప్రసాద్ కొట్టే దెబ్బ, వినీల తీగ మీద లాగే లాగుడు, తన గొంతులో విరుపు, అన్నీ ఆ తాడు దగ్గర పుట్టినవే. ఇంతా చేసి ఆల్బంలో ఆయన లేకపోతే, అన్నం పెట్టినవాణ్ణి గడప బయట నిలబెట్టి విందు చేసుకున్నట్టు ఉంటుందని ఆ పిల్లకు మనసులో గట్టిగా అనిపించింది. పైగా చుట్టుపక్కల పాలేల్లో అప్పటికే వలలు ట్రాక్టర్లతో లాగుతున్నారు. ట్రాక్టరుకు పాటతో పనేముంది, డీజిలు పోస్తే చాలు. ఈ ఊరికీ అది ఎంతో దూరంలో లేదు.

నాయన వల చిక్కు తీసుకుంటుంటే పక్కన కూర్చుని అడిగింది. "నాయనా, ఒక్కసారి స్టూడియోకి వచ్చి ఆ పాట పాడతావా?"

చిన్నపోలయ్య తల ఎత్తలేదు. "బరువు లేకుండానా?"

"ఊరికే, మైకు ముందర."

"ఉత్త చేతుల్తో పాట ఎత్తితే గంగమ్మ తల్లి ఉత్త వల ఇస్తది. నీకు తెలియంది ఏముండాది పాపా."

తెలుసు. ఆయన ఇంట్లో కూనిరాగం కూడా తీయగా ఆమె ఎన్నడూ వినలేదు. చేతిలో బరువుండాలి, ఆ బరువు కదులుతూ ఉండాలి, అప్పుడే పాట. అది ఆ ఊరి కట్టు. పోనీ వల లాగేటప్పుడే రికార్డు చేద్దామని వినీల మైకులు పట్టుకుని రెండుమూడు పొద్దులు ఒడ్డున తిరిగింది. బోట్ల ఇంజన్ల మోత, బేరగాళ్ళ బండ్ల హారన్లు, వేలంపాట కేకలు, వీటన్నిటి కిందా ఎక్కడో చిన్నపోలయ్య. ఇంటికెళ్ళి వింటే కానాగడత చేపల ధరే స్పష్టంగా వినపడింది.

అప్పుడు ప్రసాద్‌కు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. "శ్రీహరికోటలో రాకెట్టు వదిలే రోజు పెట్టుకుందాం అక్కా. ఆ పొద్దు సముద్రంలోకి ఎవర్నీ పోనివ్వరు, వేట ఉండదు. ఒక్క ఇంజను కూడా మోగదు. బేరగాళ్ళు రారు. ఒడ్డంతా నిశ్శబ్దంగా ఉంటది."

వినీల ఎగిరి గంతేసినంత పని చేసింది. వల లేకపోతే బరువేదీ అంటే, దానికీ దారి దొరికింది. పాత నావకు అడుగు బాగుచేయాలి, దాన్ని సరుగుడు తోపు దాకా పైకి లాగాలి. ఆ పని వేట లేని రోజే చేస్తారు. చిన్నపోలయ్య కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. "నావయితే బరువే. కదిలే బరువే. తప్పు లేదు."

ఆ ప్లానులో ఒక లోటుంది. అది మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. వాళ్ళ ముగ్గురికీ తట్టలేదు. ముగ్గురూ చదువుకున్నవాళ్ళే, ముగ్గురూ ఆ తీరంలో పుట్టి పెరిగినవాళ్ళే. అదే వచ్చిన చిక్కు. పక్కింటి రుబ్బురోలు మోత ఎవరి చెవికీ ఎక్కనట్టే, వాళ్ళ లెక్కలో రాకెట్టు చప్పుడు చప్పుడే కాదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

అనుకున్న రోజు మధ్యాహ్నం ఒడ్డంతా కడిగినట్టు ఖాళీగా ఉంది. గాలి కూడా పడిపోయింది. వినీల వెదురు కర్రలకు మైకులు కట్టి, వాటికి ఊలు టోపీలు తొడిగి, నావకు అటూ ఇటూ నిలబెట్టింది. రోజూ వల లాగే వలకాళ్ళు తాడు అందుకున్నారు. చిన్నపోలయ్య ముందు నిలబడి, చేతులకు ఇసక రుద్దుకుని, కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు.

"ఎవరమ్మా నీళ్ళల్లో..."

"ఏలేలో," అని అందరూ. నావ ఒక జానెడు కదిలింది.

"బరువైతే బతుకేరా..."

"ఏలేలో."

"తేలికైతే పస్తేరా..."

"ఏలేలో."

హెడ్‌ఫోన్లు పెట్టుకున్న వినీల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంత శుభ్రంగా, ఇంత దగ్గరగా ఆ గొంతు ఎన్నడూ చిక్కలేదు. రోజారమణి రెండు చేతులూ జోడించి నిలబడిపోయింది. సరిగ్గా అప్పుడే దక్షిణాన, తోపు పైన, వెలుగు లేచింది. తెల్లటి పొగ తోక నిటారుగా పైకి పోతోంది. పిల్లలు అటు వేళ్ళు చూపించారు. ప్రసాద్ కూడా తలెత్తి, ఎంత బాగుందో అన్నట్టు నవ్వుతూ చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా అతని ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

అంత దూరం నుంచి వెలుగు ముందొస్తుంది, చప్పుడు తర్వాతొస్తుంది. ఆ తీరంలో చంటిపిల్లకు కూడా తెలిసిన ముక్క. ప్రసాద్ చేతులు ఊపుతూ వినీల వైపు పరిగెత్తాడు. పాట అదిరిపోయిందని మెచ్చుకుంటున్నాడనుకుని ఆమె బొటనవేలు ఎత్తి చూపించింది. రోజారమణికి అర్థమైంది గానీ చేసేదేముంది. నావ ఇసక వాలు మీద సగంలో ఉంది. ఇప్పుడు ఆపితే తాడు వదులవుతుంది, నావ వెనక్కి జారి, వెనక నుంచి తోసేవాళ్ళ మీద పడుతుంది. ఆపమని నోరెత్తలేదు.

వచ్చింది. ముందు కాళ్ళ కింద ఇసక అదిరింది, తర్వాత రేకుల కప్పులు దడదడలాడాయి, ఆ వెనక ఆకాశమంతా చాప చించినట్టు చప్పుడు. చిన్నపోలయ్య కళ్ళు తెరవలేదు. నోరు కదులుతోంది, మాట వినపడడం లేదు. వెనకవాళ్ళు ఆయన భుజం చూసుకుంటూ లాగుతున్నారు. అట్లా ఎంతసేపు సాగిందో. చప్పుడు మెల్లగా సముద్రం మీదికి పోయి అణిగేసరికి, ఆయన గొంతు ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఒక్క ఊపు ముందుకు పోలేదు, ఒక్క ఊపు వెనకబడలేదు. నావ తోపు చేరింది.

"రోజక్కా," అంది వినీల హెడ్‌ఫోన్లు తీసి, "రాకెట్టు మోగదనుకున్నది దేశం మొత్తం మీద మనం ముగ్గురమే అయ్యుంటాం." నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ప్రసాద్ ఇసకలో కూలబడి, ఈ ఆలోచన తనది కాదన్నట్టు ముఖం పెట్టాడు.

సాయంత్రం చిన్నపోలయ్యను ఫ్యాక్టరీకి తీసుకొచ్చారు. స్టూలు వేశారు, టీ ఇచ్చారు. వినీల మీట నొక్కింది. గదిలో "ఎవరమ్మా నీళ్ళల్లో" అని ఆయన గొంతే లేచింది. మొదటి చరణం కూడా కాకుండానే ఆయన టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని, "మీరు చూసుకోండి," అని బయటికి నడిచాడు. సైకిలు స్టాండు తీసిన చప్పుడు వినపడింది.

రోజారమణి తలుపు దాకా పోయేసరికి ఆయన దారి మలుపు తిరిగాడు. అడగక అడగక ఒకటి అడిగితే, ఎన్నడూ చేయని పని నాయన తన కోసం చేస్తే, దాన్ని తీసుకుపోయి రాకెట్టు నోట్లో పెట్టింది తను. ఆయన మనసు కష్టపడిందని తేల్చుకుంది. ఇంట్లో అడుగుదామంటే ఆయన మాటల మనిషి కాదు. "మీ నాయన నోట్లోంచి మాట తీయడం వల చిక్కు తీసినట్టే," అంది కామాక్షమ్మ. "ఓపికుంటే కూర్చో, లేకుంటే పోయి పండుకో." పోయి పండుకుంది గానీ నిద్ర పట్టలేదు.

ఆల్బం విడుదలకు తేదీ ఎప్పుడో చెప్పేశారు. మళ్ళీ లాగడానికి ఆ పెద్ద నావ లేదు, అది ఎండాకాలం దాకా తోపులోనే. ఆ పాట తీసేద్దామంది రోజారమణి. వినీల వినలేదు. రాకెట్టు మోతను అట్లాగే ఉంచింది, దాని వెనక గిటారును సన్నగా లేపింది, ప్రసాద్ ఊపుకు ఊపు దెబ్బ వేశాడు. అన్నీ కుదిరాయి గానీ నడుమ, నాయన గొంతు మునిగిపోయిన చోట, పెద్ద గొయ్యి.

"ఇక్కడ నువ్వు పాడక్కా," అంది వినీల.

"అది నాయన చోటు. ఆయన ఉండగా అక్కడ ఇంకొకరు నోరు తెరవరు."

"తెరవకపోతే పాట తెగిపోతుంది. ఆయన తెగనివ్వలేదు గదా ఆ పొద్దు. మనం తెంచుతామా?"

రోజారమణి లేచి, మూలనున్న పాత ఐసు డబ్బా ఒకటి చూపించి, "ప్రసాదూ, దాన్నిండా ఇసక పొయ్యి. తాడొకటి కట్టు," అంది. ప్రసాద్ పోసి కట్టాడు. ఆమె తాడు భుజం మీదుగా వేసుకుని, ఆ డబ్బాను గచ్చు మీద అడుగడుగునా ఈడ్చుకుంటూ, నాయన చరణాలు నాయన ఊపులోనే పాడింది. అరచేతులు చీరుకుపోయాయి. చెమటకు ఒళ్ళు తడిసిపోయింది. వినీల ఒక్క ముక్క కూడా రెండోసారి పాడమనలేదు.

పాట అయింది గానీ రోజారమణి భయం రెండింతలైంది. ముందే పాట రాకెట్టు పాలైందని ఆయనకు కినుక, ఇప్పుడు అడక్కుండా ఆయన చోట్లో తను. నాయనకు చెప్పే ధైర్యం లేదు. విడుదల రోజు అందరి ముందూ వినడమే మొదలు. ఆయన మళ్ళీ లేచి వెళ్ళిపోతే ఈ ఆల్బం ఎన్ని ఫోన్లలో మోగినా తనకు మాత్రం అది మోగనట్టే.

విడుదల ఒక శుక్రవారం పొద్దున, పాలెం ఒడ్డునే. షామియానా వేశారు, రెండు స్పీకర్లు నిలబెట్టారు. కామాక్షమ్మ పాలెం ఆడవాళ్ళను పోగేసి వచ్చినవాళ్ళందరికీ ఇడ్లీలు పెట్టించింది. నెల్లూరు నుంచి కాలేజీ పిల్లలు వచ్చారు, కోట నుంచి ప్రసాద్ వాళ్ళ రైతులు ట్రాక్టరెక్కి వచ్చారు, వెంకయ్య గారు ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఆ పొద్దు తెల్లారేసరికే ఆల్బం ఫోన్లలోకి వచ్చేసింది. పేరు "తాడు పట్టినోళ్ళు". అట్ట మీద బొమ్మ తాడు పట్టుకున్న చేతులది.

రోజారమణి మైకు పట్టుకుంది. చదువుకొచ్చిన మాటలన్నీ మరిచిపోయి, నోటికొచ్చినవే చెప్పింది. చోటిచ్చిన వెంకయ్య గారికి దండం పెట్టింది. "ఎలకల సంగతి చెప్పు," అని ఆయనే అందించాడు, అందరూ నవ్వారు. మడికి నీళ్ళు పెట్టే పని మానుకుని డ్రమ్ములు వాయించిన కొడుకును ఇంట్లోంచి తరమనందుకు ప్రసాద్ వాళ్ళ అమ్మకు దండం పెట్టింది. చివరికి దూరంగా వలకాళ్ళతో కూర్చున్న నాయన వైపు తిరిగింది. "ఈ పాట మా నాయనది. మొదట ఇదే వినండి," అంది. వినీల ఫోను నొక్కింది.

"ఎవరమ్మా నీళ్ళల్లో..."

చిన్నపోలయ్య లేచి నిలబడి చెయ్యి ఎత్తాడు. "ఆపండి."

వినీల ఆపేసింది. ఆయన కుర్చీల నడుమ నుంచి నడుచుకుంటూ వచ్చి బిడ్డ ముందర నిలబడ్డాడు.

"ఆ పొద్దు ఫ్యాక్టరీలోంచి ఎందుకు లేచి వచ్చేసినా అనుకున్నావు?"

"రాకెట్టు నీ పాటను మింగేసిందని. నీ మనసు కష్టపెట్టినానని." చెప్పలేక చెప్పింది.

"రాకెట్టుదేముండాది, వస్తది పోతది. ఉత్త చేతుల్తో పాట ఎట్టా వినేది? ఎత్తకూడనిది వినకూడదు గూడా గదా. చెవిన పడితే చేతులు ఊరుకుంటాయా? స్టూలు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చినారు మీరు."

రోజారమణికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఇన్నాళ్ళూ మింగిన దిగులంతా దేనికి మింగినట్టు. పాడడానికి బరువు వెతికిన తనకు, వినేవాడి చేతికీ బరువు కావాలని తట్టనేలేదు.

చిన్నపోలయ్య వలకాళ్ళ వైపు తిరిగాడు. "చిన్న నావ దించండిరా. ఒక వల వేద్దాం. ఇంతమంది వచ్చినారు, ఊరికే కూర్చోబెడితే ఎట్టా?" వినీలతో, "నువ్వు మొదట్నుంచి అన్నీ పెట్టు పాపా. నా పాట మాత్రం నేను చెప్పినప్పుడు," అన్నాడు.

అట్లా ఆ తీరంలో ఒక రాక్ ఆల్బం విడుదలైంది. నావ లోపలికి పోయి వల దించి వచ్చింది. తాళ్ళు ఒడ్డుకు చేరాయి. కుర్చీల్లో ఒక్కరూ మిగల్లేదు. కాలేజీ పిల్లలు చెప్పులు విడిచారు, కోట రైతులు లుంగీలు ఎగ్గట్టారు, వెంకయ్య గారు ఇస్త్రీ పంచె గోచీ పెట్టి, "ఎక్కడ పట్టుకోవాలయ్యా," అంటూ వరసలో దూరాడు. స్పీకర్లలో పాట వెంట పాట మోగుతోంది. ఏ పాటకూ ఎవరూ చప్పట్లు కొట్టలేదు, చేతులు ఖాళీగా ఉంటే కదా. రోజారమణి నాయన వెనకే తాడు పట్టుకుని, ఆయన వీపు చూస్తూ లాగుతోంది. మొదటి భయం తీరింది. రెండోది అట్లాగే ఉంది.

సంచి మోకాటి లోతుకు వచ్చింది. తాడు బిగిసింది. చిన్నపోలయ్య వినీల వైపు తల ఊపాడు.

స్పీకర్లలో ఆయన గొంతు లేచింది. ఆయన నోరు మూసుకుని లాగుతున్నాడు. "ఏలేలో" అని ఒడ్డు మొత్తం అందుకుంది. రెండు చరణాలు, మూడు చరణాలు. తర్వాత ఆ మోత వచ్చింది. స్పీకర్లు అదిరాయి, పాలెం పిల్లలు అలవాటుగా దక్షిణం వైపు చూశారు. నాయన గొంతు మునిగింది. మునిగిన చోటు నుంచి రోజారమణి గొంతు లేచింది.

నాయన భుజం ఒక్క క్షణం ఆగినట్టు ఆమెకు అనిపించింది. లేదు, ఆగలేదు. ఊపుకు ఊపు వెనక్కి వస్తూనే ఉంది. బిడ్డ గొంతు ఎత్తుకుంటోంది, ఒడ్డు అందుకుంటోంది, నాయన లాగుతున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎత్తుకున్న పాటకు ఆయన లాగడం అదే మొదలు. మోత అణిగింది, స్పీకర్లో ఆయన గొంతు తన చోటికి తను వచ్చింది. అప్పుడు చిన్నపోలయ్య కూడా నోరు తెరిచి తన గొంతుతో తనే కలిశాడు. సంచి ఇసక మీదికి వచ్చి పడింది.

మరీ గొప్ప వల కాదు. కవళ్ళు, నెత్తళ్ళు, కొన్ని కానాగడతలు. వాటి నడుమ ఒక మాగ చేప, మెరిసిపోతూ, చేతి పొడుగుంది. చిన్నపోలయ్య దాన్ని ఏరి తువ్వాలు మీద పక్కన పెట్టాడు. తర్వాత పంపకం. తాడు మీద చెయ్యి వేసినవాళ్ళందరికీ వాటా అంటే అందరికీ. నెల్లూరు పిల్లలు క్యారీబ్యాగుల్లో నెత్తళ్ళు పట్టుకుని ఏం చేయాలో తెలియక ఫోటోలు తీసుకున్నారు. వెంకయ్య గారు ఆయన వాటా చూసుకుని, "ఏ సినిమా ఫంక్షన్‌లోనూ ఇట్టా ఇచ్చి పంపలేదయ్యా," అన్నాడు.

అందరి సంచులూ నిండాక చిన్నపోలయ్య ఆ మాగను రెండు చేతులా ఎత్తుకుని వచ్చి రోజారమణి చేతుల్లో పెట్టాడు.

"నాయనా, ఇది పాట వాటా. నీది గదా."

"నడుమ పాట తెగకుండా పట్టింది ఎవరు?"

"నీ చోటు. అడక్కుండా పాడినా."

"అడిగితే నేనేమంటాను, బరువుండాలంటాను." ఆయన ఆమె అరచేతులు తిప్పి చూశాడు. చీరుకుపోయిన గీతలు ఇంకా పూర్తిగా మానలేదు. "ఉత్త చేతుల్తో పాడలేదని నీ ఊపిరి వింటేనే తెలిసింది. ఏం లాగినావు?"

"ఐసు డబ్బా. ఇసక పోసి."

"ఐసు డబ్బా," అన్నాడు చిన్నపోలయ్య వలకాళ్ళ వైపు తిరిగి. ఆయన నవ్వడం ఆ ఊళ్ళో చాలామంది ఆ రోజే చూశారు. "ఐసు డబ్బా లాగిందంటరా, నా బిడ్డ." వాళ్ళందరికీ నవ్వు ఆగలేదు.

రోజారమణి నవ్వలేదు. చేతుల్లో చేప జారిపోతుంటే గుండెకు అదుముకుని ఏడ్చింది. ఇంతకాలం ఎవరి వాటా తిని పెరిగిందో ఆ మనిషి, ఈ పొద్దు నీ వాటా ఇది అని చేతిలో పెడితే, దానికి దండం పెట్టాలన్నా చేతులు ఖాళీ లేవు. "ఇన్నేళ్ళు నీ వాటా నేను తిన్నా నాయనా," అంది. "ఈ పూట నా వాటా నువ్వు తినాల."

"ముందు ఏడుపు ఆపి దాన్ని ఇట్టా తే," అని కామాక్షమ్మ చేప అందుకుంది. "పులుసా, వేపుడా?"

పులుసే పెట్టింది. షామియానా విప్పి, స్పీకర్లు సర్ది, వినీలా ప్రసాదూ కూడా వాళ్ళింట్లోనే భోజనానికి కూర్చున్నారు. ప్రసాద్ ఫోను మోగుతూనే ఉంది, ఎక్కడెక్కడి వాళ్ళో ఆ పాట విని ఆ నడుమ మోతేమిటని అడుగుతున్నారు. చిన్నపోలయ్య కంచం ముందు కూర్చుని, తాడు లాగిన చేతులు చాచి బిగిసిన వేళ్ళు సవరించుకుంటున్నాడు. రోజారమణి ఆయన పక్కన కూర్చుని, మాగ ముక్కను తన కంచంలో పెట్టుకుని, ముల్లు ఏరి ఏరి నాయన కంచంలో పెట్టింది.